అల్లుడితో తగవు, యోకోహామాలో

యోకోహామాలో దిగిన మూడో రోజున మా అల్లుడు నాతో ఒక మాట అన్నాడు. దానికి అక్కడికక్కడే జవాబు తోచి ఉంటే ఈ వ్యాసం రాసే పని తప్పేది.

ఆదివారం మధ్యాహ్నం. సకురాగిచో స్టేషను బయట నిలబడి ఉన్నాం. జనం వేలల్లో ఉన్నారు, తోపులాట లేదు. నేల మీద చిత్తుకాగితం లేదు. విచిత్రంగా చెత్తబుట్ట కూడా లేదు. అరటితొక్క చేతిలో పట్టుకుని నేను దిక్కులు చూస్తుంటే అల్లుడు తన సంచీ తెరిచి పట్టుకున్నాడు.

"ఇందులో వేయండి అత్తయ్యగారూ. ఇంటికి తీసుకెళ్ళి పారేద్దాం. ఇక్కడ అందరూ అంతే. క్రమశిక్షణ వీళ్ళ రక్తంలోనే ఉంది."

రక్తం! జపాను వెళ్ళొచ్చిన మనవాళ్ళందరూ చివరికి తేల్చే మాట ఇదే. రైళ్ళు చెప్పిన నిమిషానికి వస్తాయి, పిల్లలు తమ బడిని తామే ఊడ్చుకుంటారు, పారేసుకున్న పర్సు పోలీసుల దగ్గర దొరుకుతుంది. ఎందుకంటే వాళ్ళ రక్తం అలాంటిది. ఈ మాటలో పొగడ్త వాళ్ళకు, సౌకర్యం మనకు. రక్తంలో ఉన్నదాన్ని ఎలాగూ నేర్చుకోలేం కనుక ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు.

ఈ ఊరిని చూసి మనవాళ్ళు ముచ్చటపడటం ఇవాళ్టిది కాదు. 1893 జూలైలో చికాగో వెళుతూ వివేకానందుడు యోకోహామాలో ఆగి, మద్రాసులోని శిష్యులకు ఉత్తరం రాశాడు. జపనీయుల శుభ్రత గురించి, వెడల్పాటి తిన్నని వీధుల గురించి అందులో ఉంది. ఇంట్లో కూర్చుని అంటూ సొంటూ లెక్కలు వేసుకునే మనవాళ్ళకు పెట్టిన చీవాట్లూ ఉన్నాయి. అయితే ఆయన రక్తం అనలేదు. కాలానికి తగ్గట్టు మేలుకున్నారు అన్నాడు. కావలసినవన్నీ సొంత గడ్డ మీదే తయారుచేసుకోవాలని పట్టుదలగా ఉన్నారు అన్నాడు. మేలుకోవడం ఎవరైనా చేయగల పని. నూట ముప్పై ఏళ్ళలో మనం ఆయన మాట నుంచి మా అల్లుడి మాటకు జారామన్నమాట.

ఇక రేవుల విషయంలో నాకు సొంత పట్టింపు ఒకటి ఉంది. మాది బందరు. బందరు అంటే పారశీకంలో రేవు. పేరులో మిగిలిన రేవు ఊళ్ళో మిగల్లేదు. పెద్ద ఓడలు వచ్చిపోయే బందరును మా తాతలు కూడా కథల్లోనే విన్నారు. గోల్కొండ నవాబుల కాలంలో డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు ఒకరిమీద ఒకరు పోటీపడి కొట్లు పెట్టిన ఊరు మాది. డచ్చివాళ్ళ సమాధుల మీది చెక్కుళ్ళను వేలితో తడిమి ఆడుకున్న పిల్లల్లో నేనూ ఉన్నాను. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. సుమారు 30 వేల మంది పోయారంటారు. అసలే రేవు మేట వేస్తోంది, పైన ఈ దెబ్బ. వ్యాపారం మరో దారి చూసుకుంది.

యోకోహామా రేవు తెరిచింది 1859లో. అంటే మా రేవు మునగడానికి సరిగ్గా ఐదేళ్ళ ముందు. ఈ లెక్క తట్టిన దగ్గరనుంచి ఆ ఊళ్ళో ఏది చూసినా నాకు రెండుగా కనిపించింది.

మా అమ్మాయి వాళ్ళు ఉండేది నగరానికి ఉత్తరపు వైపున, మిడోరి వార్డులో. 2009లో అక్కడ ఇండియన్ స్కూలు ఒకటి పెట్టారు. అప్పటినుంచి మనవాళ్ళ కుటుంబాలు ఆ చుట్టుపక్కల చేరుతున్నాయి. సాయంత్రం ఆటస్థలంలో తెలుగు వినిపిస్తుంది. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను. ఈ మూడు వారాల్లో నేను రోజూ రైలెక్కి వెళ్ళింది మాత్రం నీటి ఒడ్డుకే.

యోకో అంటే అడ్డంగా, హామా అంటే ఒడ్డు. సముద్రానికి అడ్డంగా సాగిన ఇసుకతిన్నె మీద వంద గడపల పల్లె, చేపలు పట్టుకునేవాళ్ళది. ఈ పల్లె రేవు కావడమే ఒక మాయ. 1858 ఒప్పందంలో అమెరికావాళ్ళు అడిగింది కనగావా అనే ఊరు. అది ఎడోకు, అంటే నేటి టోక్యోకు, వెళ్ళే రాజమార్గం మీద ఉంది. పరాయివాళ్ళను రాజమార్గం మీద తిరగనివ్వడం షోగునుకు, అంటే అప్పట్లో దేశాన్ని ఏలుతున్న సేనాధిపతికి, ఇష్టం లేదు. అందుకని అఖాతానికి ఇవతల ఉన్న ఈ పల్లెను చూపించి "ఇదీ కనగావాలో భాగమే" అన్నారు. రాయబారులు కోప్పడ్డారు. వర్తకులు మాత్రం ఇక్కడ నీటిలోతు బాగుందని చూసుకుని, రాయబారుల మాట వినకుండా వచ్చి కొట్లు తెరిచారు. పరదేశుల పేట చుట్టూ నీళ్ళు, వంతెనల దగ్గర కావలి. ఆ కావలికి లోపలి భాగం కన్నై. ఆ పేరుతో ఇప్పుడు రైల్వేస్టేషను ఉంది, దాని ముందు సిటీబస్సులు ఆగుతాయి. గొప్ప క్రమశిక్షణ గల జాతి ఎంతో ఆలోచించి కట్టుకున్న నగరం కాదిది, తప్పనిసరి అతిథిని వాకిట్లోనే కూర్చోబెట్టడానికి వేసిన పీట.

ఆ పీటను బంగారుపీట చేసింది పట్టు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో, ఇటలీలో పట్టుపురుగులకు తెగులు సోకి అక్కడి మగ్గాలు ఆకలితో ఉన్నాయి. జపాను కొండప్రాంతాల నుంచి ముడిపట్టు బళ్ళమీద యోకోహామాకు దిగేది. కొన్ని దశాబ్దాలు ఆ దేశపు ఎగుమతుల్లో పట్టుదే పెద్ద పీట. తరవాత ఆ పట్టును రుమాళ్ళుగా, మెడగుడ్డలుగా అద్దకం వేసి అమ్మడం మొదలైంది. అలా వచ్చిందే యోకోహామా స్కార్ఫు. నీటివాలు ఉన్నచోట అద్దకం వాళ్ళు చేరతారు కదా, ఇక్కడా ఊళ్ళోని నదుల ఒడ్డునే చేరారు.

రేవు దగ్గర అలాంటి స్కార్ఫుల కొట్టు ఒకదానిలోకి అమ్మాయీ నేనూ వెళ్ళాం. ఆ రోజు నా భుజం మీద పెడన కలంకారీ దుప్పట్టా ఉంది. కొట్టులోని పెద్దావిడ స్కార్ఫులు చూపించడం మానేసి నా దుప్పట్టా అంచు పట్టుకుంది. "సరసా" అంది. నేను ఏదో వెటకారం అనుకున్నాను. అమ్మాయి నవ్వి చెప్పింది, "మన అచ్చుబట్టను వాళ్ళు సరసా అంటారమ్మా. పాత మాట."

ఎంత పాతదో తరవాత తెలుసుకున్నాను. జపాను తలుపులు మూసుకున్న కాలంలో నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవిలో డచ్చివాళ్ళకు మాత్రం చోటుండేది. వాళ్ళ ఓడల్లో కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు అక్కడికి వెళ్ళేవి. సంపన్నులు వాటిని ముక్కలుగా కత్తిరించి తేనీటి పాత్రలకు సంచులు కుట్టించుకునేవారు. మా ఊళ్ళో సమాధులుగా మిగిలిన డచ్చివాళ్ళు, వాళ్ళ ఊళ్ళో ఒక మాటగా మిగిలారు.

ఆ పెద్దావిడ గోడమీది ఫోటోలో చూపించింది, పొడవాటి బల్లమీద పట్టు పరిచి, ఒక్కో రంగుకు ఒక్కో తెర పెట్టి అద్దుతున్నారు. పది రంగులైతే పది తెరలు. గీటు తప్పితే గుడ్డ చెడినట్టే. నేను మా కరక్కాయ, చిరివేరు, బెల్లంలో ఇనుపముక్కలు ఊరబెట్టి తీసే నలుపు, టేకు అచ్చుల సంగతి చెప్పాను. తెర అద్దకం మాట వస్తే పెడనలో పళ్ళు నూరుతారు. యంత్రంలా తెర వేసి, దానిమీద కలంకారీ అని రాసి చవకగా అమ్మడం వల్లే చేతి అచ్చు చచ్చిపోతోందని వాళ్ళ గోడు. ఇక్కడ ఆ తెర అద్దకమే ప్రాణంగా కాపాడుకోవలసిన చేతివిద్య! చేసేవాళ్ళు కొద్దిమందే మిగిలారట. విదేశాల నుంచి చవక సరుకు వచ్చి దెబ్బతీసిందట. గోడు రెండు చోట్లా ఒకటే, దొంగ మాత్రం వేరు. స్కార్ఫు ఒకటి కొన్నాను. ధర ఎంతో ఇంట్లో చెప్పలేదు.

నాకు ఆ ఊళ్ళో అన్నిటికంటే నచ్చిన నడక కిషామిచి. 1911 నాటి సరుకు రైలుదారి అది, ఇప్పుడు నడకదారి. పట్టాలు తీసేయలేదు. చెక్కల మధ్య అలాగే పొదిగారు. నీళ్ళమీదుగా ఆ పట్టాల వెంట నడుస్తూ పోతే ఎర్ర ఇటుకల గోదాములు రెండు వస్తాయి. ఒకటి 1911లో, ఒకటి 1913లో కట్టినవి, రేవు సుంకం శాఖవి. 2002లో అంగళ్ళుగా, హోటళ్ళుగా తెరిచారు. జనం ఫోటోలు తీసుకునేది వాటి అందానికి. నేను ఆగింది ఇంకో సంగతి చూసి. రెండు గోదాముల పొడవు సమానంగా లేదు. ఒకటి రెండోదానిలో సగమే ఉంది.

1923 భూకంపంలో ఒకటో నంబరు గోదాము, అంటే 1913లో కట్టినది, సగం కూలింది. కూలినంత మేర వదిలేసి మిగిలినదానికి గోడ కట్టుకున్నారు. తరవాత డబ్బు వచ్చింది, సాంకేతికత వచ్చింది, పర్యాటకులు వచ్చారు, అయినా పోయిన సగాన్ని మళ్ళీ కట్టలేదు. అచ్చుగుద్దినట్టు కొత్త ఇటుకలతో పూర్తిచేయడం ఎంతసేపు? కట్టి ఉంటే అక్కడ భూకంపం వచ్చిందని నాలాంటి దారిన పోయే దానికి తెలిసేది కాదు.

అక్కడి నుంచి నీళ్ళకు అవతల కనిపించే ఆకాశహర్మ్యాల గుంపు మినాతో మిరాయి. రేవు భవిష్యత్తు అని అర్థం. 296 మీటర్ల ల్యాండ్‌మార్క్ టవర్ 1993లో వచ్చింది. పెద్ద చక్రం, రంగుదీపాలు, హోటళ్ళు, మా అల్లుడి ఫోనునిండా అవే. నాకు ఆ టవరు కంటే దాని కాళ్ళదగ్గరున్న గొయ్యి నచ్చింది. రాతిమెట్లతో దిగే ఆ పెద్ద గొయ్యి పందొమ్మిదో శతాబ్ది చివర్లో ఓడల మరమ్మతుకు కట్టిన డాకు. ఇప్పుడున్న ఆ మెరుగు అంతా ఒకప్పుడు ఓడల కర్మాగారం. ఇక్కడ కట్టిన హికావా మారు అనే 1930 నాటి ఓడ సియాటిల్‌కు ప్రయాణికులను మోసి, యుద్ధంలో ఆస్పత్రిగా తిరిగి, 1961 నుంచి కిలోమీటరు చిల్లర దూరంలో ఒడ్డుకు కట్టేసి ఉంది. పుట్టిల్లు పోయినా ఊరు వదలని ఆడపడుచు అది.

కర్మాగారం తనంతట తాను తప్పుకోలేదు. 1965లో ఇచియో అసుకాటా అనే సోషలిస్టు మేయరు ఆరు పెద్ద పనుల పట్టిక ప్రకటించాడు. యుద్ధంలో కాలి, ఆ తరవాత ఏళ్ళ తరబడి అమెరికా సైన్యం చేతిలో ఉండి, పూర్తిగా టోక్యోకు పడకగదిగా మారిపోతున్న ఊరది. ఊరి నడిబొడ్డును రెండు ముక్కలు చేస్తున్న ఓడల కర్మాగారాన్ని తరలించి కొత్త కేంద్రం కట్టడం ఆ ఆరింటిలో ఒకటి. భూగర్భ రైలు, సముద్రం మీద వంతెన, కొత్త పట్టణం, సముద్రం పూడ్చి ఫ్యాక్టరీలకు నేల, వేగరహదారులు మిగతావి. ఆయన 1978లో పదవి వదిలాడు. కర్మాగారం కదిలింది 1983లో. వంతెన తెరిచింది 1989లో. ఆయన పార్టీకి చెందనివాళ్ళు వచ్చారు, పటం మాత్రం చించలేదు. మధ్యలో భూముల ధరల బుడగ పేలి, మినాతో మిరాయిలో స్థలాలు ఏళ్ళ తరబడి బోసిగా పడి ఉన్నాయి. "ఇదా మీ భవిష్యత్తు" అని వెక్కిరించినవాళ్ళు అక్కడా ఉండే ఉంటారు.

ఇదంతా అల్లుడికి చెప్పాను. "అదే కదండీ క్రమశిక్షణ" అన్నాడు.

కాదు నాయనా. క్రమశిక్షణ అంటే చెప్పినమాట వినడం. ఇది ముందటివాడు గీసిన గీతను వెనకటివాడు చెరపకపోవడం. రక్తానికీ దీనికీ సంబంధం లేదు, కాగితానికి ఉంది. ప్రభుత్వం మారితే పునాదిరాయి కూడా మారే చోటు నుంచి వచ్చినదాన్ని కనుక ఈ తేడా నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది.

అయినా అతను ఒప్పుకోలేదు. అందుకని యమాషితా పార్కుకు తీసుకెళ్ళాను. నిజానికి తనే తీసుకెళ్ళాడు, దారి నాకెక్కడ తెలుసు.

సముద్రాన్ని ఆనుకుని పొడుగ్గా సాగే తోట అది. గులాబీలు, బల్లలు, కుక్కలను తిప్పే ముసలివాళ్ళు. 1923 సెప్టెంబరు 1, పగలు 11 గంటల 58 నిమిషాలకు భూమి కదిలింది. మధ్యాహ్నపు వంటల వేళ, పొయ్యిలు వెలుగుతున్నాయి. కూలినదానికంటే కాలింది ఎక్కువ. యోకోహామాలోనే సుమారు 26 వేల మంది పోయారు. ఆ శిథిలాలను, ఇటుక ముక్కలనూ కాలిన కడ్డీలనూ తెచ్చి ఒడ్డున సముద్రంలో పోశారు. దానిమీద మట్టి వేసి 1930లో తోటగా తెరిచారు. మనం గులాబీలు చూస్తూ నడిచేది కూలిన ఇళ్ళమీద.

1977 ఉప్పెన నాటికి నాకు తొమ్మిదేళ్ళు. నీళ్ళు తీశాక దివిసీమ నుంచి వచ్చిన చుట్టాలు మా వరండాలో పడుకునేవారు, ఒక్క మాటా మాట్లాడేవారు కాదు. కాబట్టి శిథిలాలమీద తోట అనగానే నాకు కవిత్వం రాదు. ముందుగా తోచేది, ఎవరి ఇంటి గుమ్మమో ఇది, అని.

ఆ తోటలో ఒక మూల గుమ్మటం ఉన్న చిన్న మండపం ఉంది. చూడగానే మనదని తెలిసిపోతుంది. లోపల తలెత్తి చూస్తే కప్పునిండా రంగుపలకల పూలు. మధ్యలో నీళ్ళు తాగే తొట్టి. యోకోహామాలోని భారతీయ వర్తకులు కట్టించి 1939లో నగరానికి అప్పగించింది. పట్టు వ్యాపారానికి వచ్చిన సింధీలు మొదలైనవాళ్ళు అప్పటికే అక్కడ స్థిరపడి ఉన్నారు. భూకంపంలో వాళ్ళలోనూ కొందరు పోయారు. మిగిలినవాళ్ళను ఊరివాళ్ళు ఆదుకున్నారు. చాలామంది కోబే రేవుకు వెళ్ళిపోతే, పట్టు వ్యాపారం వాళ్ళతోపాటే పోతుందన్న భయంతో వసతులు కల్పించి మరీ వెనక్కి పిలిపించారు. ఆ కృతజ్ఞతకు, పోయినవాళ్ళ జ్ఞాపకానికి ఈ నీటిమండపం.

అల్లుడి ముఖం వెలిగింది. "చూశారా అత్తయ్యగారూ, ఎంత మంచివాళ్ళో!"

నేను ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే. అదే సెప్టెంబరులో, ఇదే ఊళ్ళో, కొరియావాళ్ళు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారు లేచింది. ఇళ్ళకు నిప్పు పెడుతున్నారని కూడా అన్నారు. వీధివీధినా కర్రలూ కత్తులూ పట్టుకున్న కాపలా ముఠాలు తయారయ్యాయి. యోకోహామా నుంచి టోక్యో దాకా, ఆ చుట్టుపక్కల, కొరియావాళ్ళను దొరికినవాళ్ళను దొరికినట్టు చంపారు. చైనావాళ్ళూ కొందరు పోయారు. చనిపోయినవాళ్ళు వేలల్లో ఉంటారని అంచనా. ఒక పరదేశికి దాహానికి నీళ్ళిచ్చిన ఊరే, నీళ్ళ పేరు చెప్పి ఇంకో పరదేశిని చంపింది. చేతులు అవే, నెల అదే. రక్తంలోనే ఉందంటే ఏ చేతిలో ఉన్నట్టు?

కొండవైపు కుబోయామా శ్మశానంలో ఆ కొరియావాళ్ళ కోసం ఒక రాయి ఉంది. ప్రభుత్వం పెట్టినది కాదు. చిన్నతనంలో ఆ దారుణాన్ని కళ్ళారా చూసిన ఒక సామాన్యుడు పెద్దయ్యాక సొంత డబ్బుతో నిలబెట్టించాడు. పర్యాటకుల పటంలో అది కనిపించదు. యమాషితా తోటకు రోజూ వచ్చే జనంలో దాన్ని చూసినవాళ్ళు ఎందరో నేను ఊహించగలను. ఆ రోజు అల్లుడు పెద్దగా మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మాత్రం, "మనకూ ఇలాంటివి ఉన్నాయి కదండీ" అన్నాడు. ఉన్నాయి. రాళ్ళు తక్కువ.

సాన్కెయెన్ తోట గురించి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను, లేకపోతే మా అమ్మాయి ఊరుకోదు. పట్టులో కోట్లు గడించిన తొమితారో హారా తన సొంత తోటను 1906లో ఊరందరికీ తెరిచాడు. పాత గుళ్ళను, ఇళ్ళను ఎక్కడెక్కడి నుంచో విప్పి తెచ్చి అందులో నిలబెట్టాడు. 1916లో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడే ఆ ఇంటి అతిథిగా నెలల తరబడి ఉన్నాడు. భూకంపం తరవాత ఊరిని నిలబెట్టే పని ఈ హారా నెత్తిన వేసుకున్నాడు. కొద్ది వారాల్లోనే పట్టు ఎగుమతి మళ్ళీ మొదలైంది. ఊరిమీద ప్రేమ ఎంతో, కోబేకు వ్యాపారం పోతుందన్న భయమూ అంతే అని నా అనుమానం. భయం కూడా మంచి పనే చేయించింది.

మా బందరు విషయంలో కోబేలు ఎక్కువైపోయాయి, హారాలు లేరు. మేట తీయడానికి డబ్బు పెట్టేవాడు లేడు. ఉన్న దొరలకు వేరే రేవులున్నాయి. 1864 తరవాత బందరు వాళ్ళ రక్తం పలచబడిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను కదా. మరి యోకోహామా వాళ్ళ రక్తం చిక్కనిదని ఎలా ఒప్పుకుంటాను?

కన్నై పక్కనే ఇషికావాచో స్టేషను. ఒక దారి చైనావాళ్ళ బజారుకు పోతుంది, ఎర్రతోరణాలు, ఆవిర్లు కక్కే పిండిబుట్టలు, జనసముద్రం. ఇంకోదారిలో నాలుగు వీధులు నడిస్తే కొతోబుకి పేట. అమ్మాయి వద్దంది. నేను వెళ్ళాను. ఓడల్లో సరుకు దించే దినకూలీలు ఒక్క రాత్రికి అద్దె కట్టి పడుకునే ఇరుకు గదుల పేట అది. చాప పరిస్తే నిండే గది. మూటలు మోసే కాలం పోయి కంటెయినర్లు వచ్చాయి, మోసిన భుజాలు అక్కడే ముసలివైపోయాయి. ఇప్పుడు ఎక్కువమంది ప్రభుత్వమిచ్చే పింఛనుమీద బతుకుతున్న ఒంటరి వృద్ధులు. నేను వెళ్ళిన వీధిలో ఒక తాత ఇంటిముందు కుర్చీ వేసుకుని ఎండ కాచుకుంటున్నాడు. కాళ్ళదగ్గర ఖాళీ సారా గ్లాసు. ఆ వీధిలో చిత్తుకాగితాలూ ఉన్నాయి, సిగరెట్టు పీకలూ ఉన్నాయి. రక్తం ఆ వీధి మలుపులో మారిపోయిందా? నాకు ఊరటగా అనిపించిందని చెబితే తప్పుగా అనుకోకండి. మెరిసే ఒడ్డును చూసి చూసి, ఈ రేవులో పనిచేసినవాళ్ళు ఏమయ్యారని అడగాలనిపిస్తూ ఉండింది. జవాబు కుర్చీలో కూర్చుని ఉంది.

అసలు రేవు కూడా ఇప్పుడు ఆ మెరిసే ఒడ్డున లేదు. దక్షిణాన హొన్మోకులో, దాని అవతల పూడ్చి తీసిన నేలమీద ఉంది. క్రేన్లు దూరంగా జిరాఫీల మందలా కనిపిస్తాయి. ఉత్తరపు రేవు కట్ట ఒకటి ఇంకా అమెరికా సైన్యం దగ్గరే ఉంది. మనం తిరిగి, తిని, మురిసేది రేవు ఖాళీ చేసిన ఇంట్లో. అదీ చిన్న విషయం కాదు. ఖాళీ చేసిన ఇంటిని గోడకట్టి ఎవరికో అమ్మేయకుండా, అందరూ నీళ్ళదాకా నడిచి వెళ్ళేలా ఉంచారు. ఒసాన్‌బాషి అనే ఓడల కట్ట ఉంది, 2002లో కొత్తగా కట్టారు. పైకప్పంతా చెక్క నేల, ఎగుడుదిగుడుగా వాలుతూ లేస్తూ ఉంటుంది. తిమింగలం వీపు అని ముద్దుపేరు. పగలూ రాత్రీ ఎవరైనా ఎక్కి తిరగవచ్చు, టిక్కెట్టు లేదు. పక్కనే పాత రాతికట్ట, ఏనుగు తొండంలా వంగి ఉంటుంది, పేరు కూడా అదే. సాయంత్రం తిమింగలం వీపుమీద కూర్చుని ఏనుగు తొండాన్ని చూస్తూ మేం బందరు లడ్డూలు తిన్నాం. వాటిని కస్టమ్సు దాటించిన కథ వేరే ఉంది.

వెళ్ళిపోయే ముందురోజు అల్లుడు తనంతట తానే ఒక చోటు చూపిస్తానన్నాడు. మళ్ళీ యమాషితా తోటే, ఈసారి చివరిదాకా నడిపించాడు. తోట అయిపోయిన చోట కంచె, దాని వెనక సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెద్ద కట్ట. పాత గోదాములు, తారునేల, అక్కడక్కడ గడ్డి.

"యమాషితా పయర్. 47 హెక్టార్లు. ఇక్కడ కాసినో కడతామన్నారు" అన్నాడు. రాత్రంతా కూర్చుని చదివినట్టున్నాడు, ఏకరువు పెట్టాడు. 2019లో అప్పటి మేయరు కాసినోతో కూడిన విహారకేంద్రం తెస్తామని ప్రకటించింది. అంతకుముందు ఎన్నికలప్పుడు ఇంకా ఏమీ తేల్చలేదని చెప్పిన మనిషి. ఊరివాళ్ళు ఇంటింటికీ తిరిగి ప్రజాభిప్రాయ ఓటింగు కోరుతూ లక్షన్నరకు పైగా సంతకాలు పోగుచేశారు. 2021 జనవరిలో నగర సభ దాన్ని కొట్టేసింది. రేవు సరుకు రవాణా వ్యాపారుల పెద్ద ఒకాయన, తొంభై ఏళ్ళు పైబడినవాడు, జూదాన్ని రేవులోకి రానివ్వనని అడ్డంగా కూర్చున్నాడు. ఆగస్టు ఎన్నికల్లో కాసినో వద్దన్న తకెహారు యమనాకా గెలిచాడు. సెప్టెంబరులో ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు.

"మాట వినే జాతి అన్నావు కదా" అన్నాను.

నవ్వాడు. "ఈ ఒక్కసారికి మీరు గెలిచారనుకోండి."

"మరి ఇప్పుడు ఇక్కడ ఏం కడతారట?"

"ఇంకా తేలలేదటండీ. సమావేశాలు పెడుతున్నారట, జనాన్ని అడుగుతున్నారట. ఒక్కొక్కరిదీ ఒక్కో మాట." కంచె తీగల్లోంచి ఫోను దూర్చి ఖాళీ స్థలాన్ని ఫోటో తీశాడు. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు నావైపు తిరిగాడు. "అవునూ, మంగినపూడి దగ్గర మీ కొత్త రేవు పనులు జరుగుతున్నాయి కదా. అక్కడ ఒడ్డున మనుషులు నడవడానికి ఏమైనా వదిలారా అత్తయ్యగారూ?"

నాకు తెలియదు. ఎవరినీ అడగాలని కూడా ఇంతవరకు తోచలేదు.